మనసు - మాట: బిడియపు పిల్లవాడు, చేదు బాల్యం, పుట్టుకతో వచ్చే సంతోషం

ప్రశ్న: మాకు ఇద్దరు అబ్బాయిలు. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు. చిన్నవాడికి అయిదేళ్లు. కొత్తవాళ్లు కనిపిస్తే నా వెనక నక్కుతాడు, బడిలో పేరు పెట్టి పిలిస్తే తప్ప పలకడు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటూ మావారు వాణ్ణి బలవంతంగా నలుగురి ముందుకూ తోస్తారు. మా అత్తగారేమో ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు, వాణ్ణి వదిలెయ్యండి’ అంటారు. ఒకే ఇంట్లో పెరిగే ఇద్దరు ఇంత వేరుగా ఎందుకున్నారు? నేను ఎవరి మాట వినాలి? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ చిన్నబాబు బిడియానికి మీ పెంపకం కారణమని మీరు లోలోపల బాధపడుతున్నట్లు మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ బాధ అవసరం లేదు. మాటలు రాకముందే, ఇంకా చెప్పాలంటే పెంపకం ప్రభావం గట్టిగా పడకముందే, పసిపిల్లల్లో ఈ తేడాలు కనిపిస్తాయి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ కాగన్, ఆయన బృందం నాలుగు నెలల పసికందుల ముందు రంగురంగుల బొమ్మలు ఊపి, రికార్డు చేసిన గొంతులు వినిపించి, కొత్త వాసనలు చూపి, వాళ్లు ఎలా స్పందిస్తారో గమనించారు. దాదాపు అయిదోవంతు మంది కాళ్లూ చేతులూ విదిలించి ఏడ్చారు. సుమారు 40 శాతం మంది ఏమీ పట్టనట్లు ప్రశాంతంగా ఉన్నారు. మొదటి గుంపులోని పిల్లల్లో చాలామంది రెండేళ్ల వయసుకు కొత్త మనుషుల దగ్గర, కొత్త చోట్ల జంకేవారుగా కనిపించారు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం వీరిలో తేలిగ్గా ఉద్రేకం చెందడమే దీనికి కారణమని కాగన్ వివరించారు.

అయితే ఆ పిల్లలనే యవ్వనం దాకా గమనించినప్పుడు తేలిన విషయం మీ అత్తగారి మాటను సగం నిలబెడుతుంది, సగం కాదంటుంది. పసితనంలో అంతగా ఏడ్చిన వారిలో చాలామంది పెద్దయ్యాక బయటికి బిడియస్తులుగా కనిపించలేదు. స్నేహితులను సంపాదించుకున్నారు, చదువులో రాణించారు. కాకపోతే వాళ్లలో బొత్తిగా జంకూ గొంకూ లేని మనుషులుగా తయారైనవారు అరుదు, పైకి కనిపించకపోయినా లోపలి అలజడి చాలామందిలో మిగిలింది. స్వభావం మనిషికి కొన్ని దారులను సులభం చేస్తుంది, కొన్నింటిని కష్టం చేస్తుంది, అంతేగాని ఫలానా చోటికే చేరతావని రాసిపెట్టదు.

ఇక మీవారి పద్ధతి. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మానసిక వైద్య దంపతులు నూటికి పైగా పిల్లలను శైశవం నుంచి ఏళ్ల తరబడి అనుసరించే అధ్యయనాన్ని మొదలుపెట్టారు. అందులో దాదాపు 40 శాతం మంది దేనికైనా తొందరగా సర్దుకుపోయేవారు, 10 శాతం మంది చిరాకు ఎక్కువగా ఉండే కష్టతరమైన పిల్లలు, 15 శాతం మంది నెమ్మదిగా కలిసేవారు. మిగిలినవారు ఏ ఒక్క తరగతిలోనూ ఇమడలేదు. మీ చిన్నబాబు ఆ నెమ్మదిగా కలిసే తరగతికి దగ్గరగా ఉన్నాడనిపిస్తోంది. ఏ స్వభావమూ దానంతటదిగా మంచిది, చెడ్డది కాదని, పిల్లవాడి తీరుకూ పెద్దలు వాడి నుంచి ఆశించే దానికీ పొంతన కుదరనప్పుడే ఇబ్బంది మొదలవుతుందని ఆ దంపతులు తేల్చారు. నా దృష్టిలో ఈ రంగంలో తల్లిదండ్రులకు ఇంతకంటే పనికొచ్చే మాట మరొకటి లేదు. నెమ్మదిగా కలిసే పిల్లవాణ్ణి నలుగురి ముందుకు తోస్తే, కొత్త మనుషులంటే భయపడాల్సిందేనన్న పాఠం వాడి ఒంటికి మరింత గట్టిగా అంటుతుంది. అలాగని భయం కలిగించే ప్రతి సందర్భం నుంచీ వాణ్ణి తప్పించడమూ మేలు చేయదు. అతిగా కాపాడే తల్లిదండ్రుల దగ్గర పెరిగిన ఇలాంటి పిల్లల్లో జంకు ఎక్కువ కాలం నిలిచిందని పరిశోధనలు చెబుతున్నాయి.

కాబట్టి మీరు పట్టుకోవలసింది నడిమి దారి. ఎవరింటికైనా వెళ్లేటప్పుడు జనం చేరకముందే వెళ్లండి. ఖాళీగా ఉన్న గదిని చూసి అలవాటుపడిన పిల్లవాడికి తర్వాత ఒక్కొక్కరే వస్తుంటే అంత కంగారు ఉండదు. ఎవరైనా పలకరిస్తే వెంటనే వాడి తరఫున మీరు జవాబు చెప్పేయకుండా, మోకాళ్ల మీద కూర్చుని వాడి భుజం మీద చెయ్యి వేసి, కొన్ని క్షణాలు ఆగండి. అప్పటికీ మాట రాకపోతే తల ఊపినా చాలనండి. అన్నిటికంటే ముఖ్యంగా, వాడు వింటుండగా ‘వీడికి సిగ్గండీ’ అని ఎవరితోనూ అనకండి, అన్నయ్యతో పోల్చకండి. ఇంట్లో చక్కగా మాట్లాడుతూ, బడిలో మాత్రం నెల దాటినా ఒక్క మాటయినా మాట్లాడకపోతేనో, బడి అనగానే కడుపునొప్పి, వాంతులు వస్తుంటేనో పిల్లల మానసిక వైద్యుల సలహా తీసుకోండి. ఇలాంటి స్వభావం ఉన్న పిల్లలకు పెద్దయ్యాక నలుగురిలో విపరీతమైన ఆందోళన కలిగే అవకాశం మిగతావారి కంటే ఎక్కువ, అందుకే ఈ జాగ్రత్త.

ఇద్దరూ ఎందుకు వేరుగా ఉన్నారని కూడా అడిగారు. అన్నదమ్ములు సగటున సగం జన్యువైవిధ్యాన్నే పంచుకుంటారు. పైగా ఒకే ఇల్లు ఇద్దరికీ ఒకే అనుభవం కాదు: మీ చిన్నబాబు పుట్టేటప్పటికే ఆ ఇంట్లో చలాకీ అన్న ఒకడున్నాడు, మీ పెద్దబాబుకు ఆ అనుభవం లేదు. కవలల అధ్యయనాల్లో వ్యక్తిత్వ భేదాలకు 40 నుంచి 50 శాతం వరకు జన్యుపరమైన కారణాలున్నట్లు తేలిందని మీరు ఎక్కడైనా చదివితే, ఆ అంకె ఒక జనసమూహంలోని తేడాల గురించేనని గుర్తుంచుకోండి. ఒక పిల్లవాడిలో సగం పుట్టుక, సగం పెంపకం అని దానికి అర్థం కాదు.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మా నాన్న తాగి వచ్చి అమ్మనూ నన్నూ కొట్టేవారు. ఇప్పుడు నా భార్యాపిల్లలు మంచివాళ్లు, ఉద్యోగం బాగుంది. అయినా గ్లాసు కిందపడ్డ చప్పుడుకే నా గుండె దడదడలాడుతుంది, వెంటనే పిల్లల మీద అరుస్తాను. ఈ వయసులో నేను మారగలనా? - ఒక తండ్రి

జవాబు: మారగలరు. ఈ మాట మిమ్మల్ని ఓదార్చడానికి చెప్పడం లేదు. బాల్యంలో దెబ్బలు, ఇంట్లో తాగుడు వంటి అనుభవాలు దీర్ఘకాలం వెంటాడుతాయన్నది నిజమే. అమెరికాలో 17 వేలకు పైగా వయోజనులతో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా జరిపిన అధ్యయనం తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. అలాంటి చేదు అనుభవాలు ఎన్ని ఎక్కువైతే కుంగుబాటు, తాగుడు, గుండెజబ్బుల ముప్పు అంత పెరిగినట్లు అందులో కనిపించింది. కానీ ఆ లెక్క సమూహానికి వర్తించే ముప్పును చెబుతుంది, ఏ ఒక్కరి జాతకాన్నీ చెప్పదు.

హవాయిలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం నడివయసు దాకా గమనించింది. పేదరికం, ఇంటి గొడవలు వంటి అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో సుమారు మూడోవంతు మంది సమర్థులైన, ఆత్మవిశ్వాసం ఉన్న పెద్దలుగా ఎదిగారు. వాళ్లలో చాలామందిది పసితనంలో ఎవరినైనా ఇట్టే ఆకట్టుకునే స్వభావం. తల్లిదండ్రులు కాకపోయినా నమ్మకంగా అండనిచ్చిన పెద్దవారు కనీసం ఒక్కరు వాళ్లకు దొరికారు. నవ్వుముఖం ఉన్న పిల్లవాడికి ఆ అండ త్వరగా దొరుకుతుంది, ముడుచుకుపోయే పిల్లవాడికి ఆలస్యంగా దొరుకుతుంది, ఇందులో ఆ రెండోవాడి తప్పేమీ లేదు. మీకు మరింత ముఖ్యమైన విషయం ఏమిటంటే, కౌమారంలో దారి తప్పిన వారిలో కూడా ఎందరో ముప్పైలలో, నలభైలలో నిలదొక్కుకున్నారు. నమ్మకమైన జీవిత భాగస్వామి, మళ్లీ మొదలుపెట్టిన చదువు వారికి మలుపు అయ్యాయి.

చికిత్స వల్ల వ్యక్తిత్వ లక్షణాలు మారతాయా అన్న ప్రశ్నపై బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2017లో 207 అధ్యయనాలను క్రోడీకరించింది. సగటున 24 వారాల చికిత్సతో చెప్పుకోదగ్గ మార్పు కనిపించింది, అన్నిటికంటే ఎక్కువగా మారింది భావోద్వేగ స్థిరత్వమే. మీరు మానసిక నిపుణుల దగ్గర కౌన్సెలింగ్ ప్రారంభించండి. ఈలోగా, చప్పుడు వినగానే అరుపు కంటే ముందు మీ ఒంట్లో ఏం జరుగుతోందో గమనించండి. దవడ బిగుసుకోవడమో, భుజాలు పైకి లేవడమో జరుగుతుంది. దాన్ని గుర్తుపట్టిన క్షణంలో ఊపిరి నెమ్మదిగా వదిలి ఒక అడుగు వెనక్కి వేయండి. అప్పటికీ అరిచేస్తే, కాసేపటి తర్వాత పిల్లల దగ్గరకు వెళ్లి ‘తప్పు నీది కాదు, నాన్నకు ఉలికిపాటు కలిగింది’ అని చెప్పండి. మీ నాన్నగారు మీతో ఎన్నడూ అనని ఆ మాట మీ పిల్లలు మీ నోట వినాలి.

ప్రశ్న: నా స్నేహితురాలు ఎప్పుడూ ఉల్లాసంగా ఉంటుంది. నాకు ఏ లోటూ లేదు, అయినా అంత సంతోషం కలగదు. సంతోషం పుట్టుకతోనే నిర్ణయమైపోతుందా? - ఒక విద్యార్థిని

జవాబు: కొంతవరకే. 1996లో డేవిడ్ లికెన్, ఆక్ టెల్లెగెన్ కవలల అధ్యయనం ఆధారంగా, సంతోషం పెంచుకోవాలనుకోవడం ఎత్తు పెరగాలనుకోవడం లాంటిదేనేమో అని రాశారు. ఆ తర్వాత కొన్నేళ్లకే లికెన్ ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. దీర్ఘకాలిక నిరుద్యోగం, జీవిత భాగస్వామి మరణం వంటివి తృప్తిని ఏళ్ల తరబడి తగ్గిస్తాయి, మంచి అనుబంధాలు నిలబెడతాయి. ఉల్లాసం వేరు, తృప్తి వేరు. మీది సహజంగా నిమ్మళించిన స్వభావం కావచ్చు. కేరింతలు కొట్టకపోయినా, చేసే పనిలో లీనమై, ఒకరిద్దరు ఆత్మీయులతో హాయిగా ఉండగలిగితే మీకు లోటు లేనట్లే. అయితే రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర, ఆకలి దెబ్బతింటే అది స్వభావం అనుకుని ఊరుకోకుండా వైద్యులను కలవండి.