ఎలుక ‘నుంచి’ సొర బరువు ఎక్కువా?

సందేహం: మా బడి గోడపత్రికలో పిల్లలు ‘అంతరించిన జోసెఫోఆర్టిగేసియా ఎలుక నుంచి పులి సొర బరువు ఎక్కువ ఉంటుంది’ అని రాశారు. ‘నుంచి’ తప్పని ఒకరు, ఇక్కడ ఇళ్లల్లో అలాగే అంటామని ఇంకొకరు. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయుడు, గోపాల్‌పూర్, గంజాం జిల్లా, ఒడిశా

సమాధానం: తప్పే. కానీ పిల్లలు ఊరికే చేసింది కాదు. ఒడియాలో ‘తాఠారు’ అంటే సందర్భాన్నిబట్టి ‘అతడి నుంచి’ అనీ, ‘అతడి కంటే’ అనీ. ఒక్క ‘ఠారు’ రెండు పనులూ చేస్తుంది. రెండు భాషలూ ఆడే నోట అది ‘నుంచి’గా తెలుగులోకి దిగిపోతుంది. చిన్నయసూరి కూడా ‘వలన, కంటె, పట్టి’లను పంచమీ విభక్తిలోనే చేర్చాడు, కాబట్టి ‘నుంచి’ అర్థానికీ ‘కంటే’ అర్థానికీ చుట్టరికం ఉన్నదే. అయితే నేటి తెలుగు ఆ పనులను పంచేసుకుంది: బయల్దేరిన చోటుకు ‘నుంచి’, పోలికకు ‘కంటే’. ‘అది కంటే’ అనకూడదు, ‘దానికంటే’ అనాలి.

‘నుంచి’ తీసి ‘కంటే’ పెట్టినా వాక్యం నిలవదు. అసలు చిక్కు ‘ఉంటుంది’లో ఉంది. సొర నేటికీ సముద్రంలో తిరుగుతోంది, దానికి ‘తూగుతుంది’ చాలు. అంతరించినదానికి ‘తూగేది’ అనాలి. ఇక్కడ అదీ ఎక్కువే, ఎందుకంటే దాన్ని ఎవరూ తూచలేదు. ఉరుగ్వేలో దొరికిన 53 సెంటీమీటర్ల పుర్రెను బట్టి కట్టిన లెక్క అది. 2008లో సుమారు 1,000 కిలోలన్నారు. ఇతర లెక్కలు 500 లోపుకు దించాయి. మొదటి లెక్కే పట్టుకుంటే మామూలు పులి సొర ఓడిపోతుంది! అందుకే ‘తూగి ఉండవచ్చు’.

పైగా అది ఎలుక కాదు, దక్షిణ అమెరికాలోని పకరానా అనే కొరికే జంతువుకు దగ్గరిది. ఎలుక, ఉడుత, ముళ్లపంది అన్నిటినీ కలిపి పాఠ్యపుస్తకాలు కృంతకాలు అంటాయి. మాట గట్టిదే, ‘ముందుపళ్లతో కొరికే జంతువు’ అని పక్కన వేస్తే పిల్లలకు అందుతుంది. ‘రాక్షస పందికొక్కు’ అని మాత్రం పెట్టకండి. ఇంగ్లీషువారు మన పందికొక్కును ‘బాండికూట్’ చేసుకుని, ఆస్ట్రేలియాలో కృంతకమే కాని జంతువుకు తగిలించారు. ఆ గందరగోళం ఒకటి చాలు.

ఇలా దిద్దండి: ‘అంతరించిన జోసెఫోఆర్టిగేసియా మోనెసి అనే కృంతకం 350 నుంచి 1,000 కిలోల దాకా తూగి ఉండవచ్చు. ఎదిగిన పులి సొర సాధారణంగా 400 నుంచి 600 కిలోలు తూగుతుంది.’ పిల్లల ‘నుంచి’ ఎక్కడికీ పోలేదు, అంకెల మధ్యకు జరిగింది.