అసిటనిలైడ్ 107–112 డిగ్రీల మధ్య కరుగుతోంది. రికార్డులో 114 అని రాయవచ్చా?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో అనిలీన్ నుంచి అసిటనిలైడ్ తయారు చేశారు. గోధుమరంగు ముడి పదార్థం 5 గ్రాములు వచ్చింది. వేడినీటిలో కరిగించి, చల్లార్చి స్ఫటికాలుగా రాబట్టి శుద్ధి చేద్దామని దాన్ని 60 మి.లీ. నీటిలో మరిగిస్తే అడుగున నూనె చుక్కలు చేరాయి. అవి మలినమనుకుని పైనున్న నీటిని మాత్రమే వడపోశారు. ఆ వడపోతలో కూడా కొంత కాగితం మీదే గడ్డకట్టింది. చివరికి మిగిలింది 1.8 గ్రాములు, అదీ 107 నుంచి 112 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగింది. తోటివాళ్లంతా పుస్తకంలో చూసి 114 అని రాసేశారు.

మీరు మాత్రం రాయకండి. 107–112 అన్నది ఈ ప్రయోగంలో మీకు దొరికిన అత్యంత విలువైన సమాచారం. 114 అని రాస్తే దాన్ని చెరిపేసినట్టే. నేను కొన్నేళ్లు హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ పరిశ్రమలో, నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేశాను. ఇప్పుడు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నాను. రెండు చోట్లా నేను చూసింది ఒకటే: పదార్థం ఎక్కడ కరగడం మొదలైందో, ఎక్కడ పూర్తయిందో చూసినది చూసినట్టు రాసుకున్నవాడికే తర్వాత ఏమి చేయాలో తెలుస్తుంది.

ముందుగా ఆ నూనె సంగతి. అది మలినం కాదు, మీ అసిటనిలైడే. పొడిగా ఉన్న అసిటనిలైడ్ సుమారు 114 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కానీ నీరు తగులుతూ ఉంటే, ద్రావణంలో పట్టనంత పదార్థం ఉన్నప్పుడు, 83 డిగ్రీలు దాటగానే అది మెత్తబడి నూనెగా మారుతుంది. కొంత నీటిని తనలో కలుపుకున్న అసిటనిలైడ్ అది. అంటే మీ ఫ్లాస్కులో ద్రావణి, అంటే కరిగించే నీరు, చాలలేదు. నూనె కనిపించినప్పుడు చేయవలసిన పని, మరిగే నీటిని కొద్దికొద్దిగా చేరుస్తూ కలియబెట్టడం. నూనె మాయమైన చోట ఆగాలి. నూనె ఉండగానే చల్లార్చడం ఇంకా పెద్ద నష్టం. సేంద్రియ మలినాలు నీటిలో కంటే ఆ నూనెలోకే ఇష్టంగా చేరతాయి. చల్లారాక అది ముద్దగా గడ్డకట్టి వాటన్నిటినీ లోపలే బంధించేస్తుంది. మీ వడపోతలోకి జారిపోయిన కొద్దిపాటి నూనె కూడా ఈ పనే చేసి ఉండవచ్చు.

ఎంత నీరు పోయాలన్నది ఊహకు వదిలే విషయం కాదు. 1 గ్రాము అసిటనిలైడ్ కరగడానికి మరిగే నీరు సుమారు 20 మి.లీ. కావాలి, గది ఉష్ణోగ్రతలో అయితే సుమారు 185 మి.లీ. కావాలి. ఈ రెండు అంకెలే ఈ ప్రయోగానికి ప్రాణం. మీ 5 గ్రాములకు మరిగే నీరు 100 మి.లీ. సరిపోతుంది. చల్లారాక ఆ 100 మి.లీ.లో అర గ్రాము పైచిలుకు కరిగే ఉండిపోతుంది, మిగతాది స్ఫటికాలుగా రావాలి. మీరు పోసిన 60 మి.లీ. అయితే 3 గ్రాములను మాత్రమే కరిగించగలదు. మిగతా 2 గ్రాములు నూనెగా అడుగున ఉండిపోయాయి, మీరు వాటిని వదిలేశారు. దిగుబడి ఎందుకు పడిపోయిందో ఇప్పుడు లెక్క కుదిరిందా? అటు కంగారుపడి 300 మి.లీ. పోసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు నూనె కనిపించదు గానీ 1.6 గ్రాములు నీటితోనే వెళ్లిపోతాయి. వేడిగా వడపోసేటప్పుడు గరాటులో గడ్డకట్టకుండా 10, 20 మి.లీ. అదనంగా ఉంచుకోవచ్చు, అంతకు మించి వద్దు.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. పుస్తకాల్లో గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలు. మన ప్రాక్టికల్ పరీక్షలు వేసవి ముదురుతున్న రోజుల్లో వస్తాయి, విజయవాడలోనో రామగుండంలోనో ప్రయోగశాల గదిలో 40 డిగ్రీలున్నా ఆశ్చర్యం లేదు. కుళాయి నీరే గోరువెచ్చగా వస్తుంది. అంత వేడిలో చల్లారిందనుకున్న ద్రావణంలో ఇంకా చాలా పదార్థం కరిగే ఉంటుంది. కాబట్టి మంచు తప్పనిసరి. కళాశాలలో ఐస్ పెట్టె లేకపోతే నలుగురు కలిసి బయట నుంచి తెచ్చుకోండి, ఆ ఖర్చుకు ఫలితం దక్కుతుంది.

అలాగని మరుగుతున్న ఫ్లాస్కును తీసి నేరుగా మంచులో పెట్టకండి. వాచ్‌గ్లాస్ మూసి, కదపకుండా, దానంతట అది చల్లారనివ్వండి. పటికబెల్లం పెద్ద పలుకులుగా రావాలంటే పాకాన్ని రోజుల తరబడి కదపకుండా వదిలేస్తారు కదా, ఇక్కడా కారణం అదే. నెమ్మదిగా పెరుగుతున్న స్ఫటికం తన అమరికలో ఇమడని అణువును పక్కకు నెట్టేయగలదు, హడావిడిగా పెరిగేది దాన్ని కూడా కలుపుకుని పోతుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చి, మెరిసే పలకల్లాంటి స్ఫటికాలు కనిపించాక అప్పుడు మంచులో పెట్టండి. ఎంతకీ స్ఫటికాలు రాకపోతే గాజుకడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడను గీయండి, లేదా శుద్ధ అసిటనిలైడ్ రేణువు ఒకటి వేయండి.

గోధుమరంగు అనిలీన్ నుంచి వచ్చింది. పాత సీసాలోని అనిలీన్ గాలి తగిలి ఆక్సీకరణం చెంది ముదురు రంగుకు మారుతుంది. దీనికి రంగును పీల్చుకునే ఉత్తేజిత బొగ్గు వాడవచ్చు. 5 గ్రాములకు 0.1 గ్రాము చాలు, ఎక్కువైతే మీ పదార్థాన్నే పీల్చుకుంటుంది. మరుగుతున్న ద్రావణంలో మాత్రం బొగ్గు ఎప్పుడూ వేయకండి. ఒక్కసారిగా పొంగి చేతుల మీద పడుతుంది. మంట మీద నుంచి దించి, కాస్త చల్లారాక వేసి, మళ్లీ కొన్ని నిమిషాలు మరిగించండి. వడపోతకు కాడ పొట్టిగా ఉన్న గరాటు, మడతలు పెట్టిన వడపోత కాగితం వాడండి. కింద పెట్టే ఫ్లాస్కులో కొంచెం నీరు మరుగుతూ ఉంటే ఆ ఆవిరి గరాటును వేడిగా ఉంచుతుంది. ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోస్తూ, మిగిలినదాన్ని మంట మీదే ఉంచండి. కాగితం మీద గడ్డకట్టడం అక్కడితో ఆగుతుంది. బుక్నర్ గరాటు (గాలిని లాగేసి వడపోసే చిల్లుల గరాటు) మీద స్ఫటికాలు చేరాక మంచులో చల్లబరిచిన నీటితో, అతి కొద్దిగా, కడగండి.

ఇప్పుడు 107–112 దగ్గరకు వద్దాం. మలినం ఉంటే ద్రవీభవన స్థానం, అంటే కరిగే ఉష్ణోగ్రత, తగ్గుతుంది, కరిగే వ్యవధి కూడా వెడల్పవుతుంది. మీ విషయంలో రెండూ కనిపిస్తున్నాయి. కానీ మలినం అనగానే అనిలీన్ అనో మరొకటనో అనుకోకండి, ముందు నీటిని అనుమానించండి. తడి ఆరని నమూనా కూడా అచ్చంగా ఇలాగే ప్రవర్తిస్తుంది, నా విద్యార్థుల్లో ఎక్కువమందికి వ్యవధి వెడల్పుగా వచ్చిన కారణం ఇదే. ప్రాక్టికల్ అయిపోయేలోగా రీడింగ్ తీసేయాలన్న తొందరలో రెండు కాగితాల మధ్య ఒత్తి, వెంటనే కరిగే ఉష్ణోగ్రత చూసే సన్నని గాజు నాళికలో నింపేస్తారు. రాత్రంతా గాలికి ఆరనివ్వండి, లేదా కాల్షియం క్లోరైడ్ వేసిన డెసికేటర్‌లో (తేమను పీల్చే మూత పాత్రలో) ఉంచండి. ఓవెన్ వాడితే 60 డిగ్రీలు దాటనివ్వకండి. తడి అసిటనిలైడ్ 83 దగ్గర నూనె అవుతుందని పైన చెప్పాను కదా.

తర్వాతి అనుమానం మంట మీద. ఒకే ఉపకరణం దగ్గర క్లాసంతా వరుసలో నిలబడితే ఎవరైనా మంట పెంచేస్తారు. పాదరసం పరుగెడుతుంటే మీరు చదివే అంకెకూ, నాళికలో నిజంగా ఉన్న వేడికీ పొంతన ఉండదు. నమూనాను మెత్తగా నూరి, కేశనాళికలో 2, 3 మి.మీ. ఎత్తుకు గట్టిగా కూరండి. మొదటి నాళికను త్వరగా వేడిచేసి ఎక్కడ కరుగుతుందో ఉజ్జాయింపుగా చూసుకోండి. కొత్త నాళికతో రెండోసారి చేసేటప్పుడు, ఆ అంకెకు పది డిగ్రీల కింద నుంచి నిమిషానికి 1, 2 డిగ్రీలు మించకుండా వెళ్లండి. తొలి ద్రవబిందువు కనిపించినది ఒక అంకె, చివరి రేణువు మాయమైనది మరొక అంకె. రెండూ రాయాలి. థర్మామీటరు మీద కూడా నమ్మకం పెట్టుకోకుండా, శుద్ధ బెంజాయిక్ ఆమ్లాన్ని ఒకసారి చూడండి. 122 దగ్గర కరగాలి. అది 120 చూపిస్తే ఆ రెండు డిగ్రీల తప్పు థర్మామీటరుది, మీ స్ఫటికాలది కాదు.

ఇవన్నీ సరిచూసినా వ్యవధి తగ్గకపోతే, అనిలీన్ మిగిలిందేమో చూడటానికి నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఉంది. ఏ కళాశాలలోనైనా చేయవచ్చు. కొంచెం నమూనాను చల్లని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కుదిపి వడపోయండి. ఆ ద్రావణాన్ని మంచులో ఉంచి సోడియం నైట్రైట్ ద్రావణం చేర్చి, క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌లో పోయండి. నారింజ ఎరుపు రంగు వస్తే స్వేచ్ఛా అనిలీన్ ఉన్నట్టే. ఎందుకంటే అసిటనిలైడ్‌లో ఎమైన్ సమూహం ఎసిటైల్ సమూహంతో మూసుకుని ఉంటుంది, అది అలాగే ఈ రంగునివ్వదు. అదే నమూనాను ఆమ్లంతో కొన్ని నిమిషాలు మరిగించి, చల్లార్చి చేస్తే జలవిశ్లేషణ జరిగి రంగు వస్తుంది. మొదటిది శుద్ధతకు పరీక్ష, రెండోది పదార్థం అసిటనిలైడే అనడానికి ఒక ఆధారం. ఒకే రంగు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పే ఇలాంటి చోటే విశ్లేషణ అంటే నాకు ఇష్టం పెరిగింది. పలుచని పొర క్రొమటోగ్రఫీ పలకలు (ద్రావణి పైకి పాకుతుంటే పదార్థాలు వేర్వేరు ఎత్తుల్లో చుక్కలుగా విడిపోయేవి) అందుబాటులో ఉంటే ముడి పదార్థాన్నీ శుద్ధి చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ మిశ్రమంలో అనిలీన్ చుక్క అసిటనిలైడ్ కంటే పైకి వెళ్తుంది.

ఇంకొక ఆధారం మిశ్రమ ద్రవీభవన స్థానం. మీ పదార్థాన్నీ సీసాలోని శుద్ధ అసిటనిలైడ్‌నూ సమానంగా నూరి కలిపి చూడండి. అంకె పడిపోకపోతే రెండూ ఒకటే. దీని బలం తెలియాలంటే యూరియా, సినమిక్ ఆమ్లం తీసుకోండి. విడివిడిగా రెండూ 133 దగ్గరే కరుగుతాయి, కలిపి నూరితే దానికి చాలా కిందనే కరిగిపోతాయి. క్లాసులో ఇది చూపించినప్పుడు పిల్లల ముఖాలు మారిపోతాయి. ఒక్క అంకెను చూసి పదార్థాన్ని గుర్తుపట్టలేమని ఉపన్యాసం కంటే ఇదే బాగా చెబుతుంది.

ఈ తెల్లటి పలకలు ఒకప్పుడు మందు కూడా. 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో కాన్, హెప్ అనే వైద్యులు నాఫ్తలీన్ అనుకుని పొరపాటున వచ్చిన అసిటనిలైడ్‌ను రోగికిచ్చి, జ్వరం తగ్గడం గమనించారు. యాంటీఫెబ్రిన్ పేరుతో అది అమ్ముడైంది. రక్తంలో హీమోగ్లోబిన్‌ను పాడుచేసి రోగి పెదవులు నీలిరంగుకు తిప్పుతుందని తర్వాత తెలిసింది. అసలు జ్వరం తగ్గించేది శరీరంలో దాని నుంచి తయారయ్యే పారాసిటమాల్ అని 1948లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అనిలీన్ చర్మం ద్వారా కూడా లోపలికి వెళ్లి ఇదే హాని చేస్తుంది కాబట్టి చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకండి.

రికార్డు విషయానికొస్తే, మీ రీడింగును ఒక గడిలో, పుస్తకంలోని విలువను పక్క గడిలో రాయండి. పరిశ్రమలో మేము తప్పు అంకెను కూడా దిద్ది చెరిపేవాళ్లం కాదు. ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ పెట్టేవాళ్లం. నేను వేరే కళాశాలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లినప్పుడు 107–112 అని రాసి, నూనె ఎందుకు వచ్చిందో, తడి ఎలా ఆరబెట్టారో చెప్పగలిగిన విద్యార్థికి మార్కులు ఎక్కువే వేశాను. బెంచీలన్నిటి మీదా 114 అని ఉంటే అసలు ఎవరు చేశారో, ఎవరు చేయలేదో నాకు తెలిసే దారే ఉండదు.

మీ 1.8 గ్రాములను పారేయకండి. పూర్తిగా ఆరబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ 113 దాటకపోతే 36 మి.లీ. మరిగే నీటితో మొదలుపెట్టి మరోసారి స్ఫటికీకరించండి. ఫ్లాస్కులో వదిలేసిన నూనె గడ్డ ఇంకా ఉంటే దాన్ని ఇందులో కలపకుండా విడిగా శుద్ధి చేయండి. మలినం ఎక్కువగా ఉన్నది అందులోనే. నీటితో ఫలితం రాకపోతే కొద్దిపాటి వేడి ఇథనాల్‌లో కరిగించి, మబ్బు కమ్మేవరకు వేడినీరు చుక్కలుగా చేర్చి, ఆ మబ్బు పోయేంత ఇథనాల్ మళ్లీ చేర్చి చల్లార్చండి.