మెడికల్ కాలేజీ రీసెర్చ్ యూనిట్‌ను క్లినికల్ రీసెర్చ్ వైపు మళ్లించాలంటే ముందు ఏం కొనాలి?

ఇన్నాళ్లూ ల్యాబ్ పనే చేసిన మీ యూనిట్‌ని ఇకమీదట క్లినికల్ రీసెర్చ్, అంటే నేరుగా పేషెంట్లతో చేసే పరిశోధన, చేయమన్నారని, ముందు ఏ పరికరాలు తెప్పించాలని అడిగారు. పరికరాలు తర్వాత, ముందు మనుషుల్ని పెట్టుకోండి.

ఒక ప్రభుత్వ కాలేజీలో ఇదే మార్పు జరుగుతున్నప్పుడు నేను స్టడీ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. పీసీఆర్ మెషిన్ ఉంది, డీప్ ఫ్రీజర్ ఉంది, కానీ మూడో నెల ఫాలో అప్‌కి పేషెంట్ రాకపోతే ఎందుకు రాలేదని కనుక్కునే మనిషి లేరు. కేస్ షీట్లో ఉన్న నంబరు పక్కింటివాళ్లదో, హైదరాబాద్‌లో పని చేసుకుంటున్న కొడుకుదో అయ్యేది, బస్సు ఛార్జీలకి తోడు ఆ రోజు కూలి కూడా పోతుందని చాలామంది మానేసేవారు. దీన్ని దారిలో పెట్టింది ఓపీలో పనిచేసే ఒక సిస్టర్. పేషెంట్ చేరిన రోజే ఇద్దరి నంబర్లు, ఊళ్లో ఆశా వర్కర్ పేరు రాయించేది, రివ్యూ తేదీని వాళ్లు బీపీ, షుగర్ మందులకి ఎలాగూ వచ్చే రోజుకే వేయించేది. అలాంటి ఒక్క మనిషి జీతం కోసం ఎంతైనా పోట్లాడండి. ప్రయాణ ఖర్చులు బడ్జెట్‌లోనే చూపించండి, ఎథిక్స్ కమిటీ అనుమతితో ఇవ్వడానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి.

1956లో మద్రాసులో మొదలైన టీబీ ట్రయల్ గురించి మీ టీమ్ అంతా చదవాలి. శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో, పడుకోబెట్టకుండా ఇంటి దగ్గరే మందులిస్తే నయమవుతుందా అన్నది ప్రశ్న, చేర్చుకున్నది 193 మందిని. ఇళ్లకి వెళ్లి చూశారు, మందు వేసుకుంటున్నారో లేదో మూత్ర పరీక్షతో తేల్చుకున్నారు. ఇంటి వైద్యం శానటోరియానికి ఏమాత్రం తీసిపోదని 1959లో ప్రచురించారు, టీబీ వైద్యమే మారిపోయింది. ప్రశ్న పేదవాళ్ల ఇంటి నుంచి వచ్చింది కాబట్టే జవాబుకి అంత విలువ వచ్చిందని నా నమ్మకం.

మీరూ ప్రశ్నలు ఓపీలోనే వెతకండి. పీజీల థీసిస్‌లు ఎలాగూ తప్పవు, తలో టాపిక్ ఇచ్చే బదులు నాలుగు బ్యాచ్‌లకి ఒకే ప్రశ్న ఇస్తే పనికొచ్చే సంఖ్యలో పేషెంట్లు దొరుకుతారు. ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు కావాలి, తర్వాత చేస్తామంటే తీసుకోరు. స్టాటిస్టిషియన్‌ని కూడా డేటా అంతా వచ్చాక కాదు, ప్రొటోకాల్ (స్టడీ ఎలా చేయాలన్న ప్లాన్) రాసేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోండి.