కార్పెంటర్ మీద థీసిస్ మొదలుపెట్టే ముందు

ఒంగోలు

చి. అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు నెల్లూరు నుంచి పంపిన సినాప్సిస్ చదివాను. హాలీవుడ్ హారర్ దర్శకుడు జాన్ కార్పెంటర్‌ని ఎంచుకోవడం బాగుంది. ‘ఆయన సినిమాల్లో భయం, ఒంటరితనం, చెడు’ అని ఒక అధ్యాయం పెట్టావు చూడు, దాన్ని మాత్రం కొట్టెయ్యి. హారర్ తీసే ప్రతివాడి సినిమాలోనూ అవి ఉంటాయి గదా. ఒక దర్శకుణ్ణి ఆటర్, అంటే సినిమాకి అసలు కర్త, అనాలంటే, కెమెరామన్ మారినా, సంగీత దర్శకుడు మారినా, రచయిత మారినా మారకుండా నిలిచింది ఏమిటో చూపించాలి. నీ పరిశోధనంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరగనీ.

ఆయన తీసినవన్నీ నెత్తికెత్తుకోవద్దు. హాలోవీన్ (1978), ద థింగ్ (1982), ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్ (1987), వీటికి తోడు ఆయన డైరెక్ట్ చెయ్యని హాలోవీన్ 2 (1981). ఈ నాలుగూ చాలు. ఆయన తియ్యనిది ఎందుకంటావేమో, అసలు కీలకం అదే. దాని స్క్రిప్టు కార్పెంటర్, డెబ్రా హిల్ కలిసి రాశారు, నిర్మాతలూ వాళ్లే. కెమెరా డీన్ కండీ, మొదటి హాలోవీన్‌కి పనిచేసినాయనే. సంగీతం కార్పెంటర్‌దే, అలన్ హోవార్త్ తోడు. దర్శకుడి కుర్చీలో కూర్చున్నది మాత్రం రిక్ రోసెంతాల్. రెండిట్లోనూ హంతకుడు దూరంగా నిలబడి చూసే షాట్లు తీసి పక్కపక్కన పెట్టు. ఎంతసేపు నిలబడ్డాడు, ఫ్రేములో ఏ మూల ఉన్నాడు, మనం అతన్ని ముందు చూశామా, హీరోయిన్ ముందు చూసిందా అని లెక్క తీస్తే డైరెక్షన్ వల్ల వచ్చిన తేడా ఏమిటో దొరుకుతుంది. ఒక చిక్కుంది. రోసెంతాల్ తీశాక కొన్ని సీన్లు కార్పెంటరే తీసి కలిపాడు. అందుకని ఏ సీను ఎవరిదో తేల్చుకోకుండా పోలికకి దిగొద్దు.

ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్ దీనికి తిరగేసిన పరీక్ష. అందులో దర్శకుడు ఆయనే, కెమెరా గ్యారీ కిబ్బేది. కండీ లేకపోయినా నిలిచిందేదో అక్కడ వెతుకు. ద థింగ్‌లో కెమెరా కండీ, స్క్రీన్‌ప్లే బిల్ లాంకాస్టర్, సంగీతం ఎన్నియో మొరికోనే. విన్నవాళ్లకి ఆ సంగీతం కార్పెంటర్ సింథసైజర్ లాగే ఉంటుంది. నిజానికి కొన్ని ముక్కలు ఆయన, హోవార్త్ చేసి కలిపారు కూడా. ఇదంతా చూసుకోకుండా ‘రీరికార్డింగ్ ఆయన ముద్ర’ అని ఒక్క వాక్యం రాసేస్తే వైవాలో నిలబడదు.

టైటిల్స్ చూసి పేర్లు రాసుకునేటప్పుడు కూడా జాగ్రత్త. ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్ రచయితగా కనిపించే మార్టిన్ క్వాటర్‌మాస్ కార్పెంటరే. అసాల్ట్ ఆన్ ప్రీసింక్ట్ 13 (1976) ఎడిటర్ జాన్ టి. ఛాన్స్ కూడా ఆయనే. ఆ రెండో పేరు పాత హాలీవుడ్ దర్శకుడు హోవర్డ్ హాక్స్ తీసిన రియో బ్రావోలో జాన్ వేన్ పాత్రది. హాలోవీన్‌లో పిల్లలు టీవీలో చూసే సినిమా కూడా హాక్స్ నిర్మించిన 1951 నాటి ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్. దాని డైరెక్టర్‌గా క్రిస్టియన్ నైబీ పేరుంది, అసలు తీసింది హాక్సేనని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నీ థీసిస్ అడిగే ప్రశ్నే ఆ టీవీలోనూ ఆడుతోందన్నమాట. దీనికి రెండు పేజీలు కేటాయించు, నాకు చాలా ఇష్టమైన చోటు అది.

ఇక ప్రింటు సంగతి. హాలోవీన్ 2.35:1 వెడల్పు ఫ్రేములో తీసింది. పాత టీవీ కోసం పక్కలు కోసిన కాపీలో అంచున నిలబడ్డ మనిషి మాయమైపోతాడు, నీ వాదనా అతనితోనే పోతుంది. సినిమా నిడివి 91 నిమిషాలు. నీ కాపీ 87 చూపిస్తే అది సెకనుకి 24 ఫ్రేములకి బదులు 25 లెక్కన పరిగెత్తే పాల్ (PAL అనే టీవీ పద్ధతి) కాపీ అయివుంటుంది. అందులో 10 సెకన్ల షాటు 9.6 అవుతుంది, షాట్ల సగటు నిడివి మొత్తం తప్పుతుంది. 100 దాటిందంటే టీవీ ప్రసారం కోసం తర్వాత తీసి కలిపిన సీన్లున్న కాపీ. ఏ డిస్కు వాడావో మొదటి అధ్యాయంలోనే రాయి.

ప్రతి సినిమా మూడు విడతలుగా చూడు. మొదట రాత్రిపూట, చీకట్లో, హెడ్‌ఫోన్లతో. కాగితం ముట్టుకోవద్దు, ఎక్కడ ఉలిక్కిపడ్డావో గుర్తుంచుకుంటే చాలు. రెండోసారి పగలు, సౌండు తీసేసి. షాటు నంబరు, మొదలైన సమయం, నిడివి, కెమెరా కదలిక, ఎవరి చూపు అని గడులు గీసి నింపు. మూడోసారి తెర చూడకుండా వినడం. ఉలిక్కిపడ్డ చోటికి ముందు ఎన్ని సెకన్లు నిశ్శబ్దం ఉందో రాసుకో. మొత్తం సినిమాకి ఇట్టా చెయ్యబోతే ఓపిక చస్తుంది. ఒక్కో దాంట్లో మూడు సీన్లు చాలు.

ఎట్టా రాయాలో హాలోవీన్ మొదటి షాటుతో చెప్తాను. కెమెరా రోడ్డు మీది నుంచి ఇంటి వైపు వస్తుంది, కిటికీలోంచి జంటని చూస్తుంది, పక్కనుంచి తిరిగి వంటగదిలోకి దూరుతుంది. ఒక చెయ్యి సొరుగు లాగి కత్తి తీస్తుంది. మెట్లెక్కుతుంది, నేల మీద పడున్న మాస్కు తొడుక్కుంటుంది. అంత వెడల్పు తెర అక్కడ రెండు కంతలైపోతుంది. హత్య జరిగాక వీధిలోకొస్తే తండ్రి మాస్కు లాగుతాడు, ఆరేళ్ల పిల్లాడు. దీన్ని ఒకే షాటు అని చాలామంది రాసేస్తారు. మాస్కు తొడిగే చోట దాచిన కట్ ఉంది, ఫ్రేము ఫ్రేముగా ఆపి చూసుకో. కెమెరా పనాగ్లైడ్, అంటే ఒంటికి తగిలించుకుని నడిచినా కుదుపు రానిది, పట్టుకున్నది యూనిట్ మనిషి. కనిపించే చెయ్యి డెబ్రా హిల్‌ది. చూపు ఎవరిది, చెయ్యి ఎవరిది, నిర్ణయం ఎవరిది అని విడదీసి రాశావంటే ఆ ఒక్క సీనే అధ్యాయమవుతుంది.

ఆటర్ సిద్ధాంతం నాలుగు పేజీలు దాటనివ్వకు. ఫ్రెంచి విమర్శకుడు ట్రూఫో 1954 వ్యాసం, అమెరికన్ విమర్శకుడు ఆండ్రూ సారిస్ 1962 వ్యాసం, దానికి 1963లో విమర్శకురాలు పాలిన్ కేల్ ఇచ్చిన జవాబు చాలు. కేల్‌ని తప్పకుండా చదువు. ఒక ముద్రని గుర్తుపట్టగలిగినంత మాత్రాన అది గొప్పదైపోదని ఆమె వేసిన దెబ్బకి నీ దగ్గర సమాధానం ఉండాలి. ఇంటర్వ్యూలు వాడేటప్పుడు ఏ ఏడాది ఇచ్చాడో పక్కనే రాయి. ద థింగ్ విడుదలప్పుడు తిట్లు తిన్న సినిమా, ఆ తర్వాతే దానికి పేరొచ్చింది. పేరొచ్చాక చెప్పిన మాటలకీ అప్పటి మాటలకీ తేడా ఉంటుంది.

చివర్లో మన తెలుగు పోలిక ఒకటి పెడితే నీ పని ప్రత్యేకంగా నిలుస్తుంది. రామ్‌గోపాల్ వర్మ రాత్రి (1992), హిందీ భూత్ (2003) తీసుకో. అదే 2003లో ఆయన నిర్మించగా ప్రవాల్ రామన్ తీసిన డర్నా మనా హై కూడా. హాలోవీన్ 2కి పెట్టిన పరీక్షే దీనికీ. అప్పటి సితార, జ్యోతిచిత్ర సినిమా పత్రికల సమీక్షలకి హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో వాకబు చెయ్యి, మన అలగానిపాడు మనిషి పుచ్చలపల్లి సుందరయ్య పేరు మీది లైబ్రరీ. ముందు ఫోను చేసి, కావలసిన సంచికల నెలలు చెప్పి వెళ్లు.

హాలోవీన్ మూడు సీన్ల పట్టిక పూర్తికాగానే పంపు. గైడుకి ఇచ్చేలోపు సమయాలు నేనొకసారి సరిచూస్తాను.

మీ మామయ్య