లాభం కాగితం మీద, పైసలు ఉద్దెరలో

ప్రశ్న: నర్సంపేట దగ్గర మాకు విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. నాన్న పోయాక నేనే చూసుకుంటున్నాను. వానాకాలం సరుకు కోసం 10 లక్షల లోన్ అడిగితే, బ్యాంకువాళ్లు మూడేళ్ల లాభనష్టాల లెక్కలు తెమ్మన్నారు. లెక్కలన్నీ టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి, గుమాస్తా చూస్తాడు. పాత డేటా నుంచి ఆ రిపోర్టులు తీసిచ్చే సాఫ్ట్‌వేర్ ఉందని, 25 వేలు అవుతుందని ఒకాయన అంటున్నాడు. కొనమంటారా? నిరుడు 7,40,000 లాభం వచ్చిందని టాలీ చూపిస్తోంది, గల్లాలో మాత్రం పైసల్లేవు. ఇంటికి నెలకు 25 వేలకు మించి తీసుకోలేదు.

జవాబు: కొనకండమ్మా. మీరు అడిగిన రిపోర్టు మీ టాలీలోనే ఉంది. టాలీ ప్రైమ్ తెరవగానే వచ్చే మెనూలో ప్రాఫిట్ అండ్ లాస్ ఖాతా కనిపిస్తుంది. అందులోకి వెళ్లి ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు తేదీలు కొట్టండి. ఆ ఏడాది లెక్క వచ్చేస్తుంది. ఆల్ట్, సి నొక్కితే పక్కనే ఇంకో ఏడాది కాలమ్ పెట్టుకోవచ్చు. ఆల్ట్, పి ప్రింటుకు. పాత ఏడాది వేరే కంపెనీగా విడగొట్టి ఉంటే దాని ఫోల్డర్ ఎక్కడుందో గుమాస్తాను అడగండి. ముందు కాపీ తీసుకుని, ఆ కాపీనే తెరవండి. మీ రైతుల పేర్లు, బాకీలు అన్నీ ఉన్న డేటాను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టొద్దు.

ఇక అసలు సంగతి. మీరు పంపిన కాగితంలో అమ్మకాలు 92,50,000, లాభం 7,40,000. లెక్కగట్టి చూడండి, సరిగ్గా 8 శాతం. ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులకు ఒక వెసులుబాటు ఉంది. నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం లాభం చూపిస్తే సరిపోతుంది. పన్నుకు అది చెల్లుతుంది. కానీ ముందు 8 శాతం అనుకుని, దానికి తగ్గట్టు మార్చి 31 స్టాకు అంకె వేశారేమోనని నా అనుమానం. టాలీలో ఖాతాలనూ స్టాకునూ కలపకపోతే ఆఖరి స్టాకు విలువను చేత్తోనే కొట్టాలి. అక్కడ లక్ష ఎక్కువ వేస్తే లాభమూ లక్ష పెరుగుతుంది. అందుకే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో గుమాస్తాను నెమ్మదిగా అడగండి, తప్పు పట్టినట్టు కాదు. ఒక ఆదివారం షట్టర్ దించి మీరే ర్యాకు ర్యాకూ లెక్కపెట్టండి. గడువు దాటిన డబ్బాలను, కంపెనీ వాపసు తీసుకోనంటే, సున్నాకే లెక్కేయండి.

పైసలు ఎటుపోయాయో కూడా మీ కాగితాల్లోనే ఉంది. రైతుల ఉద్దెర ఏడాదిలో 14 లక్షల నుంచి 19,50,000కు పెరిగింది. అంటే లాభంలో 5,50,000 ఊళ్లలోనే ఉండిపోయింది. స్టాకు కాగితం మీద 1,10,000 పెరిగింది. ఇక మిగిలింది 80 వేలు. ఇంటికి మీరు తీసుకున్నది 3 లక్షలు. ఆ తేడా 2,20,000 సరుకు పంపిన డీలర్లకు ఆలస్యం చేసిన బాకీయే. చూడండి, వాళ్లకు ఇవ్వాల్సింది సరిగ్గా అంతే పెరిగింది. ఉద్దెరకు అమ్మినా టాలీ ఆ రోజే లాభం రాసేస్తుంది, పైసలు ఎప్పుడొస్తాయో చూడదు.

అందుకే ఇప్పుడే 10 లక్షలు తీసుకోవద్దంటాను. అవి కూడా ఉద్దెరలోకే పోతాయి, మిత్తి మాత్రం మీరు కట్టాలి. టాలీలో అవుట్‌స్టాండింగ్స్‌లోకి వెళ్లి, రావాల్సిన బాకీలు తెరిచి, ఎఫ్6తో రోజుల వారీగా విడగొట్టండి. 240 రోజులు దాటిన పేర్లు విడిగా రాసుకోండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మినా, మిర్చి అమ్మినా బాకీ కట్టని వాళ్లు వీళ్లే. కష్టాల్లో ఉన్న ఇంటిని, ఇస్తానని తిప్పుతున్న మనిషిని విడివిడిగా గుర్తుపట్టగలిగేది మీరే. మొదటి వాళ్లకు వాయిదాలు పెట్టండి. రెండో వాళ్లకు ఈ వానాకాలం నగదుకే ఇవ్వండి, నోరు రాకపోయినా సరే.

అప్పటికీ పైసలు తక్కువైతే లోన్ బదులు క్యాష్ క్రెడిట్ లిమిట్ అడగండి. వాడుకున్న మేరకే మిత్తి పడుతుంది. 4 లక్షలతో మొదలుపెట్టండి. బ్యాంకుకు ఇచ్చే లెక్కలు మీ ఐటీ రిటర్నుతో, జీఎస్టీ రిటర్నులతో కలవాలి. స్టాకు సరిచేశాక లాభం తగ్గితే తగ్గనివ్వండి, ఆడిటర్‌కు ఉన్నదున్నట్టు చూపించి సంతకం, ఆ కాగితం ఆయనే ఇచ్చారని సరిచూసుకునే యూడీఐఎన్ నంబరు వేయించుకోండి. ఆయన ఫీజుకు ఆ 25 వేలలో కొంత చాలు.