పాత వాషింగ్ మిషన్‌కి రేటెంత? మీరు అడిగారు, నేను చెప్తున్నా

పోయిన నెల పాత రేడియోల మీద జవాబులు రాశాక, వాషింగ్ మిషన్ల సంగతేంటి అని చాలామంది అడిగారు. నాకు రేడియోల కన్నా ఇవే ఎక్కువ ఇష్టం. గవర్నర్‌పేటలో రిపేర్ షాపులో ఏళ్ల తరబడి కూర్చున్నా, ఇప్పుడు ఇంట్లో తొమ్మిది పాత మిషన్లు పెట్టుకున్నా, అందులో ఆరు రన్నింగ్‌లో ఉన్నాయి. అందుకని ఈసారి మొత్తం వాటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అన్నగారూ, మా అత్తగారి వీడియోకాన్ సెమీ ఆటోమేటిక్ ఉంది, 1991లో కొన్నారు, బిల్లు కూడా బీరువాలో దొరికింది. ఉతికే వైపు బానే తిరుగుతుంది, డ్రయ్యర్ వైపు మూత వేస్తే హుమ్మని సౌండ్ వస్తుంది గానీ తిరగదు. ఇనప సామాన్ల అతను వెయ్యి రూపాయలు ఇస్తానన్నాడు, మా వారు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దాం అంటున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే ఇలాంటివాటికే ఇరవై ముప్పై వేలు పెడుతున్నారు. అసలు రేటెంత? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఎవరికీ ఇవ్వకండి, రేటు సంగతి తర్వాత చూద్దాం.

ఆన్‌లైన్‌లో ఇరవై ముప్పై వేలని పెట్టినవాళ్లు అడిగే రేటది, అమ్ముడైన రేటు కాదు. అదే ఫొటో ఆరు నెలల తర్వాత చూడండి, ఇంకా అక్కడే ఉంటుంది. ఇనప సామాన్ల అతను చెప్పింది మాత్రం నిజమైన లెక్కే, కాకపోతే అతను చూసేది మిషన్‌ని కాదు, లోపలున్న రెండు మోటార్లని. సెమీ ఆటోమేటిక్‌లో ఉతకడానికొకటి, పిండడానికొకటి ఉంటాయి గదా, వాటి వైండింగ్ రాగి అయితే అతనికి ఆ రాగే ముఖ్యం, మిగతాది రేకు, ప్లాస్టిక్, కిలోల లెక్క. అంటే ఆ వెయ్యి మీ మిషన్‌కి అడుగు రేటు, అంతకన్నా కిందకి పోదు. దాని పైన ఇంకో రేటుంది, రన్నింగ్ కండిషన్ రేటు, ఏ బ్యాచిలర్ రూములోనో హాస్టల్‌లోనో వాడుకోడానికి తీసుకుపోయేవాళ్లు ఇచ్చేది. ఆ పైది, సరిగ్గా ఇదే మోడల్ కావాలని వెతుక్కునే మనిషి ఇచ్చే రేటు. ఆ మనిషి దొరికితే బాగానే వస్తుంది, దొరక్కపోతే ఆ రేటు లేనట్టే. మన దగ్గర ఈ పాత మిషన్లకి పుస్తకంలో అచ్చేసిన ధరలు లేవు, ఉన్నాయని ఎవరన్నా చెప్తే నమ్మకండి.

అమెరికాలో అయితే కొనేవాళ్లు ఎక్కువ. 1947లో జనరల్ మోటార్స్ వాళ్ల ఫ్రిజిడేర్ ఒక ఆటోమేటిక్ తెచ్చింది, దాని ఎజిటేటర్, అంటే టబ్బు మధ్యలో బట్టల్ని కదిలించే భాగం, పక్కలకి తిరగదు, పైకీ కిందకీ దూకుతుంది, అది రన్నింగ్‌లో కనపడితే అక్కడ కలెక్టర్లు, అంటే పాత వస్తువులు పోగుచేసే నాలాంటివాళ్లు, వదలరు. మనకి మిషన్లు మామూలు ఇళ్లల్లోకి వచ్చిందే 1980ల చివర్లో. అంటే మీ అత్తగారిది మన దగ్గర తొలి తరం మిషన్ కిందే లెక్క. దాని తోటివి చాలామటుకు రాగి కోసం పగలగొట్టేశారు, నా కళ్లముందే ఎన్ని పోయాయో, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు మీ మిషన్ రేటు పెంచేవి ఏంటంటే, మార్చకుండా ఉన్నవి. ఆ బిల్లుని లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి చాలు. మాన్యువల్ ఉందేమో వెతకండి. డ్రయ్యర్ టబ్బులో బట్టల మీద అదిమి పెట్టే చిల్లుల ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది చూడండి, అరచేయి కన్నా కాస్త పెద్దది, పది మిషన్లు చూస్తే ఎనిమిదింటికి అది ఉండదు, పిల్లలు ఆడుకుని పారేస్తారు. మీకుంటే అదృష్టమే. వెనక వైపు అమ్మిన షాపు స్టిక్కర్ ఉందేమో కూడా చూడండి, ఫోన్ నంబర్ ఆరంకెలే ఉంటే అది ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 చేరకముందు నాటిది, మీ బిల్లుకి అదో సాక్ష్యం. ఆ స్టిక్కర్ని కిరోసిన్ పెట్టి తుడిచేసినవాళ్లని నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇక తిరగకపోవడం. ప్లగ్ పీకేసి డ్రయ్యర్ మూత వేసి పట్టుకుని, వెనక రేకు తీసి కింద నుంచి డ్రయ్యర్ మోటార్ షాఫ్ట్ దగ్గరున్న డ్రమ్ముని చేత్తో తిప్పి చూడమనండి. ఈజీగా తిరిగితే మోటార్‌కి మొదటి ఊపునిచ్చే కండెన్సర్ పోయినట్టు, బిగుసుకుపోతే బ్రేక్ వదల్లేదు, మూత నుంచి వచ్చే బ్రేక్ వైరు తుప్పుపట్టి ఉంటుంది, లేదా కింద సీల్‌లోంచి నీళ్లు దిగి షాఫ్ట్ పట్టేసి ఉంటుంది. హుమ్మంటుంది అన్నారు కాబట్టి నా అనుమానం కండెన్సర్ మీదే, అది పెద్ద ఖర్చేం కాదు. మీరు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు, ప్లగ్ పీకాక కూడా అందులో కరెంటు నిలవుంటుంది, మెకానిక్ బల్బు వైర్లు ఆనించి డిశ్చార్జ్ చేశాకే చెయ్యి పెట్టాలి. పాత కండెన్సర్ తీశాక పారేయకుండా కవర్లో వేసి మిషన్‌తో పాటే ఉంచండి, చాలాసార్లు దాని మీద తయారైన నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది.

ఎక్స్ఛేంజ్ సంగతి మీ వారికి ఇలా చెప్పండి: ఐదేళ్ల మిషన్ ఇచ్చినా ముప్పై ఐదేళ్ల మిషన్ ఇచ్చినా వాళ్లకి ఒకటే, వెళ్లేది స్క్రాప్‌కే. డ్రయ్యర్ తిరిగాక, ప్లేటూ బిల్లూ పక్కన పెట్టి, నీళ్లు పోసి తిరుగుతుండగా ఒక వీడియో తీసి అప్పుడు అమ్మకానికి పెట్టండి. నన్నడిగితే అసలు అమ్మొద్దు, అత్తగారు ఉన్నారు కాబట్టి ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని ఇది కొన్నరోజు ఏమైందో అడిగి ఒక కాయితం మీద రాసి ఆ బిల్లుతో పాటు పెట్టండి.

ప్రశ్న: 2024 సెప్టెంబర్లో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చినప్పుడు మా నాన్న కొన్న పాత బీపీఎల్ మిషన్ మూడు రోజులు మునిగిపోయింది. అప్పట్నుంచీ మేడ మీద షెడ్లో పడుంది, ఆన్ చేయడానికి భయం. దీనికింక విలువ ఉంటదా? – సింగ్ నగర్, విజయవాడ

జవాబు: ఆ భయమే దాన్ని కాపాడింది తమ్ముడూ. వరద దిగాక పైపైన ఎండబెట్టి ప్లగ్ పెట్టినవాళ్ల మోటార్లు చాలా కాలిపోయాయి, ఆ నెలల్లో మా వైపు రీవైండింగ్ షాపుల ముందు మోటార్లు గుట్టలు పోసి ఉండేవి.

ఇప్పుడు చేయాల్సింది, వెనక రేకు విప్పి ముందు ఎండిన బురదని మెత్తటి బ్రష్‌తో దులిపేయండి, తర్వాత మంచినీళ్లతో కడగండి, అవును నీళ్లతోనే. బురద గాల్లో చెమ్మని పీలుస్తూ ఉంటుంది, అది లోపల ఉన్నంతకాలం తుప్పు ఆగదు. మోటార్లు రెండూ ఊడదీసి ఆటోనగర్‌లోనో మీకు తెలిసిన రీవైండింగ్ షాపులోనో ఇచ్చి మెగ్గర్‌తో చెక్ చేయించండి, వైండింగ్‌కీ బాడీకీ మధ్య లీకుందా లేదా అన్నది అది చెప్తుంది. లీకు లేకపోతే వేడి చేసి ఆరబెట్టి వార్నిష్‌లో ముంచి మళ్లీ ఆరబెడతారు, అంతే, రీవైండింగ్ అక్కర్లేదు. వాళ్లు అడక్కుండానే రీవైండింగ్ చేసేస్తామంటారు, మెగ్గర్ రీడింగ్ చూపించమని అడగండి. బేరింగులు, బుష్‌లు, కండెన్సర్, డ్రయ్యర్ సీల్ మాత్రం ఎట్లా అయినా మార్చాల్సిందే. చేత్తో తిప్పే టైమర్ స్ప్రింగ్‌తో నడిచే గడియారం లాంటిది, పళ్లచక్రాల్లో ఇసుక ఉంటుంది, కడిగి ఆరబెట్టి చుక్క నూనె వేస్తే చాలాసార్లు బతుకుతుంది.

విలువ తగ్గుతుంది, అబద్ధం చెప్పను. కానీ అమ్మేటప్పుడు వరదలో మునిగిందని దాచొద్దు, రేకు విప్పితే లోపల బురద గీత తెలిసినవాడికి కనపడుతుంది, దాచారని తెలిస్తే మిగతావి నిజం చెప్పినా నమ్మరు. అసలు అమ్మాల్సిన అవసరం లేకపోతే ఆ గీతని ఒకచోట తుడవకుండా వదిలేయండి. మీ నాన్నగారి మిషన్ చూసిన వరద అది.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ నుంచి సామాను కంటెయినర్లో వేసి పంపుతూ పాత మేట్యాగ్ రింగర్ మిషన్ ఒకటి పంపాడు. మూడు కాళ్లో నాలుగు కాళ్లో ఉండి పైన బట్టలు పిండే రెండు రోలర్లు ఉన్నాయి, అల్యూమినియం తొట్టి. ట్రాన్స్‌ఫార్మర్ కొని పెడితే నడుస్తుందా బాబూ? – పటమట, విజయవాడ

జవాబు: బాబాయ్ గారూ, మీ అబ్బాయికి మంచి టేస్టుంది. మేట్యాగ్ 1893లో అయోవా రాష్ట్రంలో న్యూటన్ అనే ఊళ్లో మొదలైంది, మొదట్లో చేసింది వ్యవసాయ పనిముట్లు. ఈ రోలర్ల మిషన్లని ఆటోమేటిక్‌లు వచ్చాక కూడా వదల్లేదు, 1983 దాకా తయారుచేస్తూనే ఉన్నారు. ఊళ్లల్లో కరెంటు లేనివాళ్ల కోసం పెట్రోలు ఇంజన్‌తో నడిచేవి కూడా అమ్మారు, వాటికి కలెక్టర్లలో వేరే గిరాకీ.

ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే చాలదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. వాళ్లది 60 హెర్ట్జ్, మనది 50. నిమిషానికి 1725 సార్లు తిరగాల్సిన మోటార్ ఇక్కడ 1440 దగ్గర తిరుగుతుంది, పైగా అదే 115 వోల్టులు ఇస్తే ఇనుము ఓవర్‌లోడై వేడెక్కుతుంది. ఐదు నిమిషాలు చూపించడానికి పర్లేదు, రోజూ ఉతకడానికి వద్దు. నా సలహా, ఆ మోటార్‌ని జాగ్రత్తగా విప్పి గుడ్డ చుట్టి చీటీ కట్టి దాచండి, దాని చోట మన 230 వోల్టుల మోటార్ పెట్టించండి. స్పీడు తగ్గకుండా మోటార్ పుల్లీని అసలుదానికన్నా ఐదోవంతు పెద్దది లేత్ మీద తీయిస్తే సరిపోతుంది, ఆటోనగర్లో అదొక పూట పని. బాడీకి కొత్త చిల్లులు వేయనివ్వకండి, ఒక్క చిల్లుతో రేటు పడిపోతుంది. ఎర్తింగ్ మాత్రం తప్పనిసరి, తడి నేల మీద నిలబడి ముట్టుకునే మెటల్ తొట్టి అది.

ఇంకో రెండు మాటలు. ఆ తొట్టిని చాకలి సోడాతో తోమనివ్వకండి, సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, నల్లబడిపోతుంది. రోలర్ల దగ్గరకి పిన్నిగారిని చీర కొంగు దోపుకోకుండా వెళ్లనివ్వొద్దు. అవి బట్టనీ కొంగునీ వేళ్లనీ ఒకేలా లాక్కుంటాయి. రోలర్లని విడదీసే సేఫ్టీ రిలీజ్ పైనే ఉంటుంది, అది పనిచేస్తుందో లేదో చూశాకే కరెంటు ఇవ్వండి.

ప్రశ్న: వేడిగాలితో ఆరబెట్టే పాత డ్రయ్యర్లు మన దగ్గర ఎక్కడా దొరకవేం? – లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: మేడ ఉంది కాబట్టి. రోహిణి కార్తెలో గుంటూరు మేడ మీద తడి లుంగీ వేస్తే కిందకి దిగేలోపు ఆరిపోతుంది, ఇంక కరెంటు పెట్టి ఆరబెట్టేదెవరు. మనం డ్రయ్యర్ అనేది నీళ్లు పిండే టబ్బుని. అమెరికాలో వేడిగాలి డ్రయ్యర్ పుట్టిందే చలి వల్ల, నార్త్ డకోటాలో రాస్ మూర్ అనే ఆయన వాళ్లమ్మ మంచులో బట్టలు ఆరేయడం చూడలేక మొదలుపెట్టాడు, 1938లో హామిల్టన్ కంపెనీ దాన్ని జూన్ డే అనే పేరుతో అమ్మింది. తలుపుకి అద్దం పెట్టమని చెప్పింది డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్. అక్కడ వాషరూ డ్రయ్యరూ ఒకే రంగులో జంటగా ఉంటేనే రేటు, విడదీస్తే రెండూ పడిపోతాయి. మీరు తెప్పించుకోవాలని చూస్తుంటే వద్దంటాను, పైన చెప్పిన ఫ్రీక్వెన్సీ గొడవ దీనికీ ఉంది.

ప్రశ్న: మా మిషన్ రేకు కింద తుప్పు పట్టింది, పైన ప్లాస్టిక్ పచ్చబడింది. పౌడర్ కోటింగ్ చేయిస్తే రేటు పెరుగుతుందా? – తెనాలి

జవాబు: పెరగదు, తగ్గుతుంది. పౌడర్ కోటింగ్‌కి పాత పెయింట్ మొత్తం గీకి ఓవెన్లో పెడతారు, స్టిక్కర్లు, కంపెనీ అక్షరాలు అన్నీ పోతాయి, అవి మళ్లీ రావు. తుప్పు ఉన్న చోట మాత్రమే ఎమరీ పేపర్ కొట్టి ప్రైమర్ వేసి దగ్గరి రంగు టచప్ చేయండి. ప్లాస్టిక్ పచ్చదనం ఎండ వల్ల వచ్చింది, దాన్ని తెల్లబరచడానికి రకరకాల మందులు పూస్తున్నారు, తర్వాత పెళుసుబారి మూత విరగొచ్చు. పచ్చగానే ఉండనివ్వండి.

ప్రశ్న: నాకు కొత్తగా ఈ పిచ్చి పట్టింది సార్, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూడ్డానికి ఆదివారం వెళ్తున్నా. ఏం చూడాలి? – కృష్ణలంక, విజయవాడ

జవాబు: రెండు బకెట్ల నీళ్లు అడగండి, అమ్మేవాళ్లు నీళ్లు లేవంటే తిరిగొచ్చేయండి. నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచితే సీల్ సంగతి కింద నేల చెప్తుంది. టైమర్ పూర్తిగా తిప్పి వాచీ పెట్టుకుని చూడండి, మధ్యలో ఆగకూడదు. డ్రయ్యర్‌లో తడి టవల్ వేసి, తిరుగుతుండగా మూత ఎత్తితే కొన్ని సెకన్లలో ఆగాలి. ఆగకపోతే బ్రేక్ లేదు, ఇంట్లో పిల్లలుంటే అది సరిచేసేదాకా వాడొద్దు. టబ్బులో తెల్లటి పొర కనపడితే భయపడకండి, బోరు నీళ్ల ఉప్పది, గోరువెచ్చటి నీళ్లలో నిమ్మఉప్పు వేసి రాత్రంతా ఉంచితే వదులుతుంది. మొబైల్ లైట్ వేసి మిషన్ అడుగున చూడటం మర్చిపోవద్దు, ఎలుకలు కొరికిన వైర్లుంటే వాటికి అతుకులేసి టేపు చుట్టి ఉంటారు. కొన్నాక ఇంటికి తెచ్చిన రోజే అడుగున ఇనప జల్లెడ కొట్టించండి, కృష్ణలంకలో ఎలుకల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.