పెరటి ప్రశ్నలు: చేపల తొట్టి నీళ్లతో ఆకుకూరలు

ప్రశ్న: నమస్తే అండి, మాది విజయవాడ పటమట. ఇంటి వెనక పదడుగుల వెడల్పు ఇరవై అడుగుల పొడవు జాగా ఖాళీగా ఉంది, పొద్దున్నుంచి ఒంటిగంట దాకా ఎండ బాగానే పడుద్ది. వీడియోలు చూసి మా వారూ నేనూ ఆక్వాపోనిక్స్ (చేపల నీళ్లతోనే మొక్కలు పెంచడం) పెడదామనుకుని 500 లీటర్ల ట్యాంకు కూడా కొనేశాం. ఒకాయనేమో రెడీమేడ్ కిట్ తీసుకోండి అంటాడు, ఇంకొకళ్లు ముందు చేపపిల్లల్ని వదిలేయండి మిగతాదంతా అదే సెట్ అవుద్ది అంటారు. అసలు దేంతో మొదలుపెట్టాలండి?

జవాబు: నీళ్లతో మొదలుపెట్టండమ్మా. చేపపిల్లలు ఇప్పుడే వద్దు, కిట్ అయితే అసలే వద్దు, అందులో ఉండేది ఒక తొట్టి, ఒక పంపు, రెండు పైపులు, అవన్నీ మీ ఊళ్లోనే విడిగా దొరుకుతాయి, ట్యాంకు ఎలాగూ మీ దగ్గర ఉంది.

చేప తిన్న మేతలోని నత్రజనిలో చాలా భాగం అమోనియాగా నీళ్లలోకి వచ్చేస్తుంది, ఎక్కువగా మొప్పల్లోంచే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది, ఆ నైట్రేటే మీ తోటకూరకి ఎరువు. మొదటి రెండూ చేపకి విషం. ఈ బ్యాక్టీరియా కంకర రాళ్లకీ పైపు గోడలకీ అంటుకుని సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మన వేడికి కాస్త ముందే అవ్వొచ్చు. ఇది అవ్వకుండా చేపల్ని వదిలితే అవి వదిలిన విషంలోనే అవి ఈదుతుంటాయి. కొత్తగా పెట్టినవాళ్లు మానేయడానికి ఎక్కువసార్లు ఇదే కారణం, అందుకే గట్టిగా చెప్తున్నా.

ట్యాంకు పక్కనే సిమెంటు ఇటుకల మీద మొక్కల కోసం అడుగు లోతున్న తొట్టి పెట్టండి, నాలుగడుగులకి నాలుగున్నర అడుగులు ఉంటే సుమారు 500 లీటర్ల ఘనపరిమాణం వస్తుంది, ట్యాంకుకి అది సరిజోడు. కంకర నింపితే ముప్పావు టన్ను బరువు ఉంటుంది కాబట్టి చెక్క బల్లల మీద పెట్టకండి. కంకర 20 ఎం.ఎం. నల్లరాయి తీసుకోండి, దుమ్ము పోయేదాకా కడగండి. మన పల్నాడు వైపు పిడుగురాళ్ల, మాచర్లలో అంతా సున్నపురాయి కదా, లోడులో అది కలిసి వస్తే నీళ్ల పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) ఎప్పటికీ దిగదు, అందుకే కొనేముందు నాలుగు రాళ్ల మీద వెనిగర్ పోసి చూడండి, నురగ వస్తే ఆ కంకర వద్దని చెప్పేయండి. ఫిట్టింగులు పీవీసీవే వాడండి, ఇత్తడి, రాగివి వద్దు, రాగి చేపలకి పడదు.

పంపుకి గంటకి ఒక ట్యాంకు నీళ్లు తిప్పే సత్తా ఉండాలి. డబ్బా మీద 1000 లీటర్లు అని ఉన్నది కొంటే మీటరు ఎత్తు ఎక్కేసరికి అందులో సగమో కాస్త ఎక్కువో వస్తుంది, అది మీకు సరిపోతుంది. టైమర్ పెట్టి గంటలో అరగంట పంపు ఆడనిస్తే తొట్టి నిండుతుంది, మిగతా అరగంట నీళ్లు దిగిపోయి వేర్లకి గాలి తగులుతుంది. బెల్ సైఫన్ (తొట్టి నిండగానే నీళ్లని తనంతట తానే దించేసే గొట్టం) కూడా మంచిదే కానీ మొదటిసారికి టైమరే తేలిక. నీళ్లు ఎప్పుడూ కంకర పైమట్టానికి అంగుళం కిందే ఆగాలి, అప్పుడు పైన పాచి పట్టదు, దోమలు గుడ్లు పెట్టవు. ట్యాంకులో మాత్రం ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు గాలిని నీళ్లలోకి బుడగలుగా వదిలే రాయి) ఇరవై నాలుగ్గంటలూ ఆడాల్సిందే. పంపుకి ముప్ఫై వాట్లు అనుకుంటే, టైమర్ లేకుండా రోజంతా తిప్పినా నెలకి ఇరవై రెండు యూనిట్లు దాటదు.

ఇప్పుడు నీళ్లు. కార్పొరేషన్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత తీసి ఉంచండి. తర్వాత పంపు తిప్పుతూ రోజూ రెండు చిటికెల చేపల మేత వేయండి, అది కుళ్లి అమోనియా వస్తుంది. అక్వేరియం ఉన్నవాళ్లు తెలిసుంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజ్ పిండిన మురికి నీళ్లు ఒక మగ్గు అడిగి తెచ్చి పోయండి, పాలల్లో తోడు వేసినట్టు త్వరగా అందుకుంటుంది. చెరువుల రైతులు వాడే అమోనియా, నైట్రైట్, పీహెచ్ టెస్ట్ కిట్లు ఆక్వా మందుల షాపుల్లో ఉంటాయి, ఈ ఒక్క ఖర్చు మాత్రం తగ్గించుకోకండి. మొదట అమోనియా పెరుగుద్ది, అది తగ్గుతుంటే నైట్రైట్ పెరుగుద్ది, చివరికి మేత వేస్తున్నా రెండూ సున్నాకి దగ్గరగా నిలబడతాయి. అప్పుడు వదలండి చేపల్ని.

ఎన్ని అంటారా, మొదటిసారికి పన్నెండు చాలు. అరకిలో చొప్పున పెరిగితే ఆరు కిలోలు, 500 లీటర్లకి అది హాయిగా సరిపోతుంది. మొక్కల్ని మాత్రం చేపల లెక్కతో కాకుండా రోజూ వేసే మేతతో లెక్కేయాలి. వర్జిన్ ఐలాండ్స్ యూనివర్సిటీలో జేమ్స్ రాకోసీ గారి బృందం ఏళ్ల తరబడి పనిచేసి చెప్పింది అదే, నీళ్ల మీద తేలే తెప్పల పద్ధతిలో చదరపు మీటరుకి రోజుకి 60 నుంచి 100 గ్రాముల మేత అని వాళ్ల లెక్క. మీలా కంకర తొట్టిలో ఆకుకూరలకి 40, 50 గ్రాములు చాలు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు అంత తినవు కాబట్టి మొదట్లో తొట్టి నిండా నాటొద్దు, ఒక మూల పాలకూర, ఒక మూల పుదీనా, అలా వేసుకుంటూ పోండి.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. 300 లీటర్ల డ్రమ్ములో యాభై రూప్‌చంద్ చేపపిల్లల్ని వదిలాం సార్, పది రోజులకే సగం చచ్చిపోయాయి. నీళ్లు తేటగానే ఉన్నాయి, బోరు నీళ్లే. పిల్లలు మంచివి కాదేమో అంటున్నారు, నిజమేనా?

జవాబు: తేటగా ఉన్న నీళ్లు మంచివని చెప్పలేమండి, అమోనియా కంటికి కనపడదు. యాభై పిల్లలు ఆ డ్రమ్ముకి చాలా ఎక్కువ, పైగా బోరు నీళ్లలో పీహెచ్ ఎనిమిది దాటి ఉంటే అదే అమోనియా ఇంకా చాలా ఘాటుగా పనిచేస్తుంది, నీళ్లు వేడెక్కితే మరీను. ఈ రోజే మేత ఆపేయండి, రెండు మూడు రోజులు తినకపోతే చేపకి ఏం కాదు. మూడో వంతు నీళ్లు తీసి నిలవుంచిన నీళ్లు పోయండి, రేపు కూడా అంతే చేయండి, గాలి పెంచండి. నైట్రైట్ కనపడితే లీటరుకి ఒక గ్రాము రాళ్ల ఉప్పు, మీ డ్రమ్ముకి 300 గ్రాములు, విడిగా కరిగించి పోయండి, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. బతికినవాటిలో ఏడెనిమిది ఉంచుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చేయండి. పీహెచ్ దించాలని యాసిడ్ నేరుగా డ్రమ్ములో మాత్రం పోయకండి. వాన నీళ్లు పట్టి కలుపుకోండి, నెమ్మదిగా దిగుతుంది, బ్యాక్టీరియా పని మొదలయ్యాక అదీ కొంచెం కొంచెం దించుతుంది.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట నుంచి. మేం చేపలు తినం, అయినా పెట్టుకోవచ్చా? తినేవాళ్లయితే ఏ చేపలు మంచివి?

జవాబు: పెట్టుకోండి, కోయ్ కార్ప్, గోల్డ్‌ఫిష్ ఇచ్చే ఎరువు కూడా మొక్కలకి సరిగ్గా పనికొస్తుంది. తినేవాళ్లకి నేనైతే రూప్‌చంద్ చెప్తా, మన వేడికి బాగా తట్టుకుంటుంది. తిలాపియా ఇంకా మొండిది కానీ దాని పెంపకానికి నియమాలున్నాయి, మత్స్యశాఖ ఆఫీసులో అడక్కుండా తేవద్దు. బొచ్చె, శీలావతి చెరువు చేపలు, డ్రమ్ములో వాటిని ఇబ్బంది పెట్టకండి. కొర్రమీను ఒకదాన్నొకటి తినేస్తుంది, ఎగిరి బయట పడుతుంది, కొత్తవాళ్లకి వద్దు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మన దేశంలో నిషేధం, ఎవరు చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి. ఏ చేపైనా ట్యాంకు మీద వల కప్పండి, లకుముకి పిట్ట చాలా ఓపిగ్గా కాపు కాస్తుంది.

ప్రశ్న: గోరంట్ల, గుంటూరు. ఏప్రిల్లో మొదలెడదామనుకుంటున్నా, పిల్లలకి సెలవులు. కరెంటు పోతే ఎట్లా?

జవాబు: ఏప్రిల్లో వద్దండి, దయచేసి. రోహిణి కార్తెలో ట్యాంకు నీళ్లు ఎంత కాగుతాయో మీకు తెలుసు, వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. సెలవుల్లో పిల్లలతో స్టాండు కట్టించండి, పైపులు బిగించండి, కంకర కడిగించండి, వానలు పడ్డాక జులైలో నీళ్లు నింపితే ఆగస్టు, సెప్టెంబరుకి చేపలు వదలొచ్చు, చలికాలమంతా కూరలు కోసుకుంటారు. వచ్చే ఎండాకాలానికి ట్యాంకుకి పైన గ్రీన్ నెట్ ఉండాలి, అప్పుడు గోంగూర, బచ్చలి, తోటకూర వేయండి, లెట్యూస్ మన మేలో పూతకొచ్చి చేదెక్కిపోతుంది. ఎండాకాలంలో రోజూ నీళ్లు తగ్గుతాయి, నిలవుంచిన నీళ్లే కలపండి. కరెంటుకి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి చాలు, ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంపుని దానికి కలిపేయండి, మొక్కల పంపు కొన్ని గంటలు ఆగినా నష్టం లేదు, గాలి మాత్రం ఆగకూడదు.

ప్రశ్న: విజయవాడ సింగ్ నగర్. చేపలు బాగున్నాయి కానీ కొత్త ఆకులు పసుపు రంగుకి మారుతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. పేనుబంక కూడా పట్టింది, మందు కొట్టొచ్చా?

జవాబు: మందు వద్దు, మిరప చేలో కొట్టేవి ఏవైనా తొట్టిలోకి కారితే చేపలు మిగలవు, వేపనూనె కూడా నీళ్లలో పడకూడదు. పైపు నీళ్లు ఆకు అడుగు వైపు గట్టిగా కొట్టండి, రెండు రోజులకోసారి. ఆకులు పసుపు రంగుకి మారింది ఇనుము తక్కువై, చేపల మేతలో అది సరిపోదు. ఎరువుల షాపులో చిలేటెడ్ ఐరన్ (మొక్క తీసుకోగలిగేలా తయారుచేసిన ఇనుము) అడగండి, పీహెచ్ ఏడు దగ్గర ఉంటే డీటీపీఏ రకం తీసుకోండి, ఈడీటీఏ రకం అక్కడ నిలవదు. పాత ఆకులు మళ్లీ మారకపోవచ్చు, కొత్తగా వచ్చే చిగురు చూసుకోండి.